కార్మికుడికి రిఫ్రెషర్ ఉంది, మరి మాస్టారికి?

గనుల భద్రత చూసే మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక వీటీసీ (గని కార్మికుల వృత్తి శిక్షణ కేంద్రం) ఇన్‌స్ట్రక్టర్ నమస్కరించి రాస్తున్న లేఖ. పాఠం చెప్పే మాకూ కొత్త శిక్షణ కావాలని మేమిచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందినట్టు ముద్ర మాత్రం చక్కగా వేశారు.

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కార్మికుడు ఐదేళ్లు దాటకుండా మళ్లీ శిక్షణకు రావాలి. వస్తున్నారు. వాళ్లకు చెప్పే మేం మాత్రం ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్నదే ఇంకా వల్లిస్తున్నాం. మమ్మల్ని కూర్చోబెట్టి ఒక కొత్త సంగతి చెప్పినవాళ్లు లేరు.

మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా అనకాపల్లి వైపు రాతి క్వారీల వాళ్లు. మా గోడల మీద చార్టులేమో భూగర్భ బొగ్గు గనులవి! పైకప్పుకు దన్ను ఎలా పెట్టాలి, బొగ్గులోంచి వచ్చే మండే వాయువు మీథేన్‌ను ఎలా పసిగట్టాలి... నల్లరాయి క్వారీలో మీథేన్ ఎక్కడిదండీ? పై బెంచీలో (కొండను మెట్లుగా తవ్వినప్పుడు ఒక్కో మెట్టు) వేలాడే లూజు రాయిని ఎవరు, ఎప్పుడు దించాలి? వెనక్కి వచ్చే టిప్పర్ డ్రైవరుకు కనపడని చోటు ఏది? మందు పేలకుండా మిగిలిపోయిన రంధ్రంలో మళ్లీ డ్రిల్ పెడితే ఏమవుతుంది? నీళ్లు లేకుండా డ్రిల్లింగ్ చేస్తే లేచే రాతి దుమ్ము సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఎలా తెస్తుంది? వాళ్లకు కావలసింది ఇదీ. ఇదంతా సుద్దముక్కతో బోర్డు మీద గీసి చెబుతున్నాను. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు తలూపుతాడు, అర్థమయ్యో, మొహమాటానికో. ఒడియాలో ఒక బొమ్మల పుస్తకం అడిగితే అదీ లేదు. సర్టిఫికెట్లకు మాత్రం కొరత లేదు.

ఎక్కడైనా బెంచీ కూలితే పేపర్లో చదివితేనే మాకు తెలుస్తుంది. ఎందుకు కూలిందో విచారణలో తేలిన సంగతి మా చేతికి రాదు, వచ్చినా ఇంగ్లిషులో, అదీ ఎప్పుడో. అసలు పాఠం అదే కదా సార్! పోనీ మేం నేర్పినవాళ్లు క్వారీలో ఎలా పనిచేస్తున్నారో చూసొస్తామంటే, ‘మీ డ్యూటీ క్లాసు వరకే’ అంటారు. చూడకుండా పాఠం ఏం మార్చుకుంటాం?

సిమ్యులేటర్లు కొనమనడం లేదు. ఏడాదిలో కొన్నాళ్లయినా మమ్మల్ని పని నడిచే క్వారీలకు పంపండి. ప్రమాద నివేదికల సారం తెలుగులో ఇప్పించండి. బ్లాస్టింగ్‌లో తలపండిన మేట్‌లను (పని చూసే మేస్త్రీలను) క్లాసుకు పిలిచి, మర్యాదగా ఆ పూట కూలి ఇవ్వండి. అలాంటి మనిషి పావుగంటలో చెప్పేది నా రోజంతా పాఠంలో ఉండదు. ఆ బొగ్గు చార్టులు సింగరేణికి పంపేస్తే వాళ్లకైనా పనికొస్తాయి.

సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. మిగతావి తర్వాత చూద్దురుగాని, క్వారీకి వెళ్లే అనుమతి ఒక్కటి ముందు ఇప్పించండి సార్. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక ఇన్‌స్ట్రక్టర్, విశాఖపట్నం