గండికోటలో ఎదుటి గోడ వైపు చూడండి, దాని మీద దీపాలు వేయకండి

సంపాదకులకు, నమస్కారం.

చలికాలం వచ్చిందంటే గండికోటకు జనం పోటెత్తుతారు. చాలామంది లోయ అంచున నాలుగు ఫొటోలు తీసుకుని, ఎదుటి రాతిగోడ మీద ఏముందో చూడకుండానే తిరిగి వెళ్తారు. సరిగ్గా ఆ నెలల్లోనే ఆ గోడ అరుగుల మీద గద్దలు, గుడ్లగూబలు పొదుగుతుంటాయి. చూడవచ్చేవారు ఎలా చూడాలో, అక్కడ పనులు చేయించేవారు ఏం మానుకోవాలో రెండూ కలిపి రాస్తున్నాం.

కోట పెన్నకు దక్షిణపు గట్టున ఉంది. నది ఎర్రమల కొండలను కోసుకుంటూ కోటకు ఉత్తరంగా పారుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక ఎదుటి గోడ మీద చాలాసేపు ఎండ పడుతుంది, మనకు ఎండ వీపు వైపు ఉంటుంది. పక్షుల రంగులు తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి వసతి లేదు. డిసెంబరులో పొద్దు పొడిచేది సుమారు ఆరున్నరకు. ఆరు గంటలకే కోట లోపల కూర్చుని ఉండాలి. అంచుకు రెండు మీటర్లు ఇవతలే కూర్చోండి. అక్కడి బండలు నిలువునా పగుళ్లిచ్చి ఉన్నాయి, పైకి గట్టిగా కనిపించే రాయి కూడా కింద విడిపోయి ఉండొచ్చు. తెల్లవారుజామున మంచు పడితే జారతాయి కూడా.

బైనాక్యులర్ 8x42 (ఎనిమిదింతలు చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. పదింతలు చూపేదైతే చేతి వణుకునూ పదింతలు చేస్తుంది, పైగా కనిపించే మేర తగ్గి ఎగిరే పక్షి దొరకదు. ముందు కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి ఒక రాతిని స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరి చిన్న చక్రంతో అదే రాతిని సరిచేసుకోండి. ఈ రెండో పని చేయకపోవడం వల్లే చాలామంది పది నిమిషాల్లో తలనొప్పి అని పక్కన పెట్టేస్తారు. స్టాండు మీద టెలిస్కోపు ఉన్నవారు ఉదయమే వాడుకోవాలి. పదకొండు దాటితే బండ వేడికి గాలి మరుగుతున్నట్టు కదిలి, ఎంత పెంచినా బొమ్మ అలుక్కుపోతుంది.

గోడను ఒక్కసారిగా చూడబోకండి. పైనుంచి కిందికి ఒక పట్టీ, మళ్లీ పక్క పట్టీ, మన చేలో సాలు తోలినట్టు వరసగా చూడాలి. వెతకాల్సింది పక్షిని కాదు, అరుగుల కింద సున్నం కారినట్టుండే తెల్లటి రెట్ట చారల్ని. చార తెల్లగా మెరుస్తుంటే అక్కడ పక్షి ఇప్పుడూ మసలుతున్నట్టు. బూడిద రంగుకు తిరిగితే అది పాత చోటు.

మొదటి గంటలో అంచు మీది తుప్పల్ని వినండి. ఈ రాతి కొండల సొత్తు అనదగ్గది పసుపు గొంతు పిగిలి. దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది. రాళ్ల మధ్య మొలిచిన కొండజువ్వి కాయల మీద వాలుతుంది. దాన్ని రప్పించడానికి ఫోనులో దాని కూతే వినిపించేవారు ఎక్కువవుతున్నారు. తన జాగాలోకి వేరే పిట్ట వచ్చిందనుకుని అది మేత మానేసి తరుముకొస్తుంది, ఆ ఆరాటంలో డేగకు చిక్కుతుంది. దయచేసి ఆ పని చేయకండి. బండల సందుల్లో గీరుతూ తిరిగే జిట్టకోడి కూడా ఈ వేళకే కనిపిస్తుంది.

తొమ్మిది ప్రాంతంలో రాయి వేడెక్కి గాలి పైకి లేస్తుంది, అప్పుడు పెద్ద రెక్కలు బయటికొస్తాయి. తెల్లటి పొట్ట, రెక్కల కింద నల్ల పట్టీ, తోక చివర నల్ల పట్టీ ఉండి జంటగా తిరిగితే అది బోనెల్లి గద్ద, పాత పేరు కుందేటి సాళువ. గాలికి ఎదురుగా నిలిచి, ఉన్నచోటే రెక్కలాడిస్తూ కిందికి చూస్తుంటే పాముల గద్ద. రెక్కలు మొన తేలి, తల నల్లగా, పొట్ట ఇటుక రంగులో ఉండి బాణంలా దూసుకుపోతే భైరి డేగ. తెల్ల రాబందును మామూలు గద్ద అని పొరబడకుండా తోక చూడండి: దాని తోక మేకు మొనలా ఉంటుంది, మామూలు గద్దకు చీలి ఉంటుంది. రాబందు పిల్ల ముదురు గోధుమ రంగులో ఉంటుంది కనుక తెలుపు లేదని కొట్టేయకండి. ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పున్న పక్షుల జాబితాలో అది 2007 నుంచీ ఉంది.

అంతరించిపోయిందనుకున్నాక మళ్లీ కనిపించిన కలివి కోడి ఇక్కడ దొరుకుతుందా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. దొరకదు. 1986లో అది మళ్లీ కనిపించింది కడప దగ్గర రెడ్డిపల్లె ముళ్లపొదల్లో, అది రాత్రి తిరిగే పక్షి. దానికోసం లంకమల అడవిలో అనుమతి లేకుండా తిరగడం నేరం.

సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ కూర్చుంటే, పొద్దు వాలాక కొమ్ముల గుడ్లగూబ లోతైన గొంతుతో 'బూ-బో' అని పిలవడం వినిపిస్తుంది. ఇది గూడు కట్టదు. గోడ అరుగు మీద వట్టి మట్టిలోనే మూడు నాలుగు గుడ్లు పెట్టి సుమారు ఐదు వారాలు పొదుగుతుంది. పగలు ఎవరైనా రాయి విసిరితే, డ్రోను దగ్గరికి తెస్తే తల్లి లేచిపోతుంది. ఆ కాసేపట్లో గుడ్లకు ఎండ తగులుతుంది, మాలకాకి వాలుతుంది. బోనెల్లి గద్ద లేచిపోదు, డ్రోను మీదికే వస్తుంది, దాని రెక్క ఆ పంకాలకు తెగుతుంది.

డ్రోను మనుషులకూ ప్రమాదమే. గోడ చూరుల కింద కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. పొగ, డ్రోను మోత వాటిని రేపుతాయి. ఈగలు లేస్తే చేతులతో విసురుకోకుండా, ముఖానికి గుడ్డ కప్పుకుని అంచుకు దూరంగా, కోట లోపలికి వెళ్లాలి. అంచు వైపు పరుగెత్తితే ఈగల కన్నా లోయే ముందు చంపుతుంది. కుట్టిన ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయాలి.

అధికారులను మేం అడిగేవి నాలుగే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా లోయ మీద డ్రోనులకు ఎవరికీ, పెళ్లి ఫొటోల వారికి కూడా, అనుమతి ఇవ్వొద్దు. ఉత్సవాల మైకులు, బాణసంచా కోట ముఖద్వారం వైపే పెట్టండి, లోయ వైపు వద్దు, ఎందుకంటే ఆ గోడల మధ్య శబ్దం రెట్టింపై తిరుగుతుంది. అందం కోసం రాతిగోడ మీదికి రంగు దీపాలు తిప్పొద్దు, గుడ్లగూబ వేటాడేది చీకట్లోనే. రాళ్లు విసరొద్దని తెలుగులో ఒక బోర్డు, అంచుకు ఇవతల ఒక కంచె. పక్షుల గూళ్ల ఫొటోలు తీసేవారు కూడా ఆ చోటు గుర్తుపట్టేలా వాటిని బయట పెట్టకూడదని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
పక్షి పరిశీలకులు,
జమ్మలమడుగు, కడప జిల్లా.