జీతం రేటు పెరిగింది సరే, గంటల సంగతేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం,

కనీస వేతనం మీద మొన్న మీరేసిన రెండు వ్యాసాలూ చదివాను, ఒకాయనేమో పెంచితే ఉద్యోగాలు ఊడతాయంటాడు, ఇంకొకాయన అబ్బే ఏమీ కాదంటాడు, ఇద్దరూ తలకాయలే లెక్కపెట్టారు గానీ గంటల ఊసే ఎత్తలేదు. నేను పదకొండేళ్లు ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు రాసినవాణ్ణి, ఆ ముక్క చెప్దామనే ఈ ఉత్తరం.

రేటు పెరిగిన నెల మా దగ్గర ఒక్కణ్ణి కూడా తీసెయ్యలేదండి. రిజిస్టర్‌లో పేర్లు ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి. కాకపోతే షిఫ్ట్ చార్ట్ మారిపోయింది, ఎనిమిది గంటల డ్యూటీ కాస్తా ఆరున్నర అయింది, ఓటీ (అదనపు గంటల పని) కాలమ్ మొత్తం ఖాళీ. లోడింగ్ చేసే ఒకతను స్లిప్పు పట్టుకుని నా టేబుల్ దగ్గరకొచ్చి "రేటు పెంచారన్నారు కద సార్, మరి చేతికి ఎప్పటంతే వచ్చిందేంటి" అనడిగితే నేను తలొంచుకుని చార్ట్ చూపించాను, అంతకంటే ఏం చెప్తాను.

అమెరికాలో సియాటిల్‌లోనూ ఇదే గొడవ. 2016లో గంటకి 13 డాలర్ల దాకా పెంచాక తక్కువ జీతాల వాళ్ల పని గంటలు 9 శాతం దాకా తగ్గాయని అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2017లో తేల్చారు, అదే ఏడాది కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు హోటళ్ల లెక్కలు తీసి ఉద్యోగాలేమీ తగ్గలేదన్నారు. మా కంపెనీని అడిగితే ఇద్దరి మాటా నిజమే అనేది!

అలాగని పెంచొద్దనే బ్యాచ్ కాదు నేను. 1992లో అమెరికాలోనే న్యూజెర్సీ రాష్ట్రంలో గంట రేటు 4.25 డాలర్లని 5.05 చేస్తే, పక్కనే ఉన్న పెన్సిల్వేనియాతో పోల్చి చూసి ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగాలు తగ్గలేదని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు చూపించారు, కార్డ్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. పనిచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉన్నచోట జీతం ముందే తొక్కిపెట్టి ఉంచుతారు, అక్కడ కాస్త పెంచినా తట్టుకుంటారు. మా దగ్గరా ఆర్నెల్లు తిరిగేసరికి మానేసి పోయేవాళ్లు బాగా తగ్గారు, కొత్తవాడికి పని నేర్పడానికి ఎంతవుతుందో ఏ యజమానీ పుస్తకంలో రాసుకోడు కాబట్టి ఆ మిగులు ఎవరికీ కనపడలేదంతే.

ఇక ఆ డబ్బెక్కడిది అంటారా, హంగరీలో 2001, 2002లో భారీగా పెంచినప్పుడు అదనపు ఖర్చులో ముప్పావు వంతు ధరల రూపంలో కొనేవాళ్ల మీదే పడింది, యజమానుల లాభంలోంచి పోయింది పావు వంతే.

నా గోల రెండే. ఏళ్ల తరబడి కదపకుండా వదిలేసి ఒక్కసారే పెంచడం మానెయ్యాలి, అమెరికా ఫెడరల్ రేటు, అంటే దేశం మొత్తానికీ పెట్టిన కనీస రేటు, 2009 నుంచీ గంటకి 7.25 డాలర్ల దగ్గరే కూర్చుంది, అదే బ్రిటన్‌లో కమిషన్ పెట్టి ఏటేటా చూసుకుంటారు. రెండోది, స్లిప్పు మీద రేటు పక్కనే పోయిన నెల గంటలు, ఈ నెల గంటలు రెండూ ప్రింటు చెయ్యాలని రూల్ పెట్టాలి, అప్పుడు ఆ లోడింగ్ అతను నా టేబుల్ దాకా రానక్కర్లేదు, తిన్నగా మేనేజర్ దగ్గరికే వెళ్తాడు.

ఇట్లు,
రిటైరైన ఒక అకౌంట్స్ గుమాస్తా