తపాలా శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: వాడిన బిళ్ళలను చెత్తపాలు చేయకండి

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. వాడిన తపాలా బిళ్ళలను అట్టపై అతికించి కొలాజ్ చిత్రాలు కూర్చడం నా వ్యాపకం. రంగుల కంటే పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే చరిత్రే నన్ను ఇందులోకి లాగింది. నా విన్నపం చిన్నదే: ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చే కవర్లను ముక్కలు చేయించే ముందు, వాటిపైనున్న బిళ్ళలను తపాలా ముద్రతో సహా కత్తిరించి, చిత్రకారులకూ పాఠశాలలకూ ఇప్పించండి.

ఇంత చిన్న కాగితంలో ఏముందని మీరు అడగవచ్చు. 1922లో ఐర్లండ్ తాత్కాలిక ప్రభుత్వం, సొంత బిళ్ళలు సిద్ధమయ్యే లోపల, బ్రిటన్ రాజు ఐదవ జార్జి బొమ్మ ఉన్న బిళ్ళలపైనే ఐరిష్ భాషలో తన పేరు అచ్చు వేయించింది. పాత రాజు ముఖం మీదుగా కొత్త ప్రభుత్వం పేరు సాగిపోయిన ఆ బిళ్ళే నా దృష్టిలో ఒక కొలాజ్. మరుసటి ఏడాది జర్మనీలో ద్రవ్యోల్బణం ముదిరి, పాత విలువలపై కొత్త విలువలు గుద్దుతూ పోయి, చివరకు 5,000 కోట్ల మార్కుల బిళ్ళ దాకా వచ్చారు. నైజీరియా నుంచి విడిపోయి 1967లో పుట్టి, 1970లో అంతరించిన బియాఫ్రా దేశానికి కూడా సొంత బిళ్ళలుండేవి.

బిళ్ళపై ఎవరుండాలో నిర్ణయించేది పాలకులే కనుక, లేనివారెవరో వెతకడమే నా పనిలో సగం. వలసపాలన నాటి కొన్ని బిళ్ళల్లో రాజు ముఖం ఒక మూల చట్రంలో వెలుగుతుంటుంది, పక్కనే పొలంలో కూలీలు వంగి ఉంటారు. రాజు పేరు అందరికీ తెలుసు, ఆ కూలీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఒక చిత్రంలో నేను రాజుల ముఖాలన్నీ కత్తిరించి తీసేసి, ఖాళీ చట్రాల నడుమ ఆ కూలీలను మాత్రమే వరుసగా నిలబెట్టాను.

సేకర్తలు చాలామంది ముద్ర పల్చగా పడిన బిళ్ళను మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఊరూ తేదీ చదవగలిగేంత ముదురు ముద్ర కావాలి, ఎందుకంటే ఆ బిళ్ళ ఎక్కడినుంచి ఎప్పుడు బయలుదేరిందో చెప్పేది అదొక్కటే.

ఒక కార్యాలయంలో నేను పాత కవర్లు అడిగినప్పుడు, ఉత్తర్వు లేనిదే ఇవ్వలేమన్నారు. వారి సంకోచం అర్థం చేసుకోదగినదే. అయితే బిళ్ళ చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తిరిస్తే చిరునామా వారి వద్దే ఉండిపోతుంది. ముద్ర పడకుండా తప్పించుకున్న బిళ్ళపై సిబ్బందే ఒక గీత గీస్తే దాన్ని మళ్ళీ వాడే భయమూ ఉండదు. తడపకుండానే స్టిక్కరులా అంటుకునే కొత్త రకం బిళ్ళలు చాలావరకు నీళ్ళలో నానబెట్టినా ఊడిరావు కనుక, వాటిని పీకకుండా కాగితంతోనే ఇవ్వడం మేలు.

అందుకే కావలసిన ఉత్తర్వును మీరు జారీ చేయాలని కోరుతున్నాను. ఈ లేఖను తపాలాలో కూడా పంపుతున్నాను. కవరుపై ముద్ర స్పష్టంగా పడి ఉంటే, దయచేసి ఆ బిళ్ళను పారేయించకండి.

భవదీయ,
ఒక కొలాజ్ చిత్రకారుడు