వకాల్తాతో పాటు ఫీజు కాగితం కూడా ఉండాలి

సంపాదకుల గారికి నమస్కారం.

తణుకులో కోర్టు దగ్గర 24 ఏళ్ళుగా టైపింగు, జిరాక్సు షాపు నడుపుతున్నాను. టైపు హయ్యర్ పాసై రెమింగ్టన్ మిషన్ మీద మొదలుపెట్టాను. ఇప్పుడు కంప్యూటర్ మీద దావాలు, కౌంటర్లు (అవతలి పక్షం ఇచ్చే జవాబులు), అఫిడవిట్లు కొడతాను. మా షాపు గోడకి పేజీ టైపింగు ఎంత, జిరాక్సు ఎంత అని రేట్లు రాసి అంటించాను. అందుకని ఆ రేట్లు నన్నెవరూ అడగరు. జనం నన్ను అడిగేది వేరే ప్రశ్న: "ఈ కేసుకి ప్లీడరు గారు ఎంత తీసుకుంటారమ్మా?"

ఆ మాట ప్లీడరు గారినే అడగండి అంటే, "పెద్దవాళ్ళు, ఎలా అడుగుతాం" అంటారు. కూతురి పెళ్ళికి వంటవాడితో గంటసేపు బేరమాడిన మనిషి, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో ప్రతి అడుగుకీ లెక్క మాట్లాడుకున్న మనిషి, నల్లకోటు ముందు నిలబడేసరికి "మీరెంత చెబితే అంతేనండి" అనేస్తాడు. ఆ తర్వాత ఐదారేళ్ళు వాయిదా వాయిదాకీ టెన్షన్ పడతాడు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

పోయిన నెల ఒక పెద్దాయన మా షాపు బల్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అన్నదమ్ముల మధ్య రెండెకరాల పంపకం దావా. "మొత్తం కేసుకి 40 వేలు" అని మాట అనుకున్నారట. చట్టం దృష్టిలో ఉమ్మడి స్వాధీనంలో ఉన్న ఆస్తి కాబట్టి కోర్టు ఫీజు 200 రూపాయలే అయింది. ఇంత తక్కువా అని ఆయన సంతోషపడ్డారు. తర్వాత తీర్పు వచ్చేవరకు అవతలివాళ్ళని ఆపమని ఇంజంక్షన్ పిటిషన్ వేశారు, దానికి 5 వేలు. పొలం చూసి కోర్టుకి రిపోర్టు ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ని వేయించారు, దానికి వేరే. వాయిదాకి వెళ్ళినప్పుడల్లా గుమాస్తాకి, కాగితాలకి, బత్తాకి (నోటీసులు, సమన్లు పంపే ఖర్చు) అని ఐదొందలు. ఆరేళ్ళకి డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, వచ్చింది. ఊళ్ళో గుడికి వెళ్ళి కొబ్బరికాయ కూడా కొట్టారు. అప్పుడు తెలిసింది, అది ప్రిలిమినరీ డిక్రీ అని. వాటా ఎంతో తేల్చిందే తప్ప, ఏ గట్టు ఎవరిదో తేల్చలేదు. దానికి ఫైనల్ డిక్రీ పిటిషన్ వేయాలి, మళ్ళీ కమిషనర్ రావాలి, సర్వేయర్ కొలవాలి. అప్పటికీ తమ్ముడు పొలం వదలకపోతే ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్, వేయాలి. తమ్ముడు అప్పీలుకి వెళితే అది ఇంకో కేసు. ఇప్పటికే లక్షా ముప్పై వేలు దాటిందట. పొలం ఇంకా తమ్ముడి కిందే ఉంది.

"నన్ను మోసం చేశారంటావా అమ్మాయ్?" అని అడిగారు. ఏం చెప్పను? ఆయన దృష్టిలో కేసు అంటే పొలం చేతికి రావడం. ప్లీడరు గారి దృష్టిలో కేసు అంటే ఆ దావా ఒక్కటే. ఇద్దరూ 40 వేలు అనే అన్నారు. ఆ 40 వేలు ఎక్కడి వరకు అన్నది ఇద్దరూ అనుకోలేదు, ఎక్కడా రాసుకోలేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఫీజు ఎక్కువైందని ఏడ్చే వాళ్ళకంటే, అది దేనికి ఇచ్చామో తెలియక ఏడ్చే వాళ్ళే ఎక్కువ.

మీ పాఠకులకి ఒక అంచనా ఉండాలని, మా షాపులో నా చెవిన పడే లెక్కలు చెబుతాను. ఇవి మా ఊళ్ళాంటి చిన్న కోర్టుల మాటలు, ప్లీడరు గారి అనుభవాన్ని బట్టి మారతాయి, విజయవాడ, హైదరాబాదుల్లో ఇంకా ఎక్కువే ఉంటాయి. లాయర్ నోటీసుకి వెయ్యి నుంచి 3 వేలు. మామూలు కేసులో బెయిలుకి 10 నుంచి 25 వేలు. ఇద్దరూ ఒప్పుకున్న విడాకులకి 25 నుంచి 50 వేలు, గొడవపడి తీసుకునే విడాకులకి అంతకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా పైన. చెక్కు బౌన్సు కేసుల్లో కొందరు ఇంత అని మాట్లాడుకుంటారు, కొందరు చెక్కు మొత్తాన్ని బట్టి చెబుతారు. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు వెళ్ళాలి, అది అందాక కట్టడానికి 15 రోజులు గడువు ఇవ్వాలి, అది దాటాక నెలలోపు కేసు వేయాలి. ఆ హడావుడిలో ఉన్న మనిషి ఫీజు గురించి అడగడం కూడా మర్చిపోతాడు. హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద వేసే పిటిషన్) అంటే 25 వేల కింద మాట నేను వినలేదు.

ఇంకో అపోహ ఉంది. గెలిస్తే ప్లీడరు ఫీజు అవతలి వాళ్ళ దగ్గర వసూలవుతుందని చాలామంది అనుకుంటారు. డిక్రీ చివర ఖర్చుల పట్టిక ఉంటుంది. అందులో అడ్వకేట్ ఫీజు అని కనిపించేది నిబంధనల ప్రకారం లెక్కకట్టిన మొత్తం. ఈపీలు టైపు చేసేటప్పుడు ఆ అంకె చూస్తుంటాను. పార్టీ నిజంగా ఇచ్చినదానికి, అక్కడ రాసినదానికి పొంతన ఉండదు.

ఇక మా ఇంట్లో జరిగింది చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు.

మా మరిది, అంటే చెల్లెలి భర్త, 2014లో హైవే మీద బైకుని లారీ గుద్దితే చనిపోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్ళది వేరే జిల్లా. దినం కూడా కాకముందే ఒక ప్లీడరు గారు ఇంటికి వచ్చి, పరిహారం కేసు వేస్తానని చెప్పి, "మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు, డబ్బు వచ్చాకే చూసుకుందాం" అన్నారు. ఆ సమయంలో ఆ మాట మాకు దేవుడు పలికినట్టే అనిపించింది. కోర్టు పక్కనే బతుకుతున్న నేను కూడా అడ్డు చెప్పలేదు. ఆయన అడిగిన చోటల్లా చెల్లి సంతకం పెట్టింది. రాయని చెక్కు మీద కూడా పెట్టింది.

2018లో తీర్పు వచ్చింది. వడ్డీతో కలిపి 15 లక్షల చిల్లర. అందులో పిల్లల వాటా వాళ్ళు మేజర్లయ్యే వరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేయమని ట్రిబ్యునల్ చెప్పింది. అత్తగారికి కొంత. చెల్లి వాటాలోనూ కొంత డిపాజిట్‌గా ఉంచి, 4 లక్షలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ ప్లీడరు గారు 20 శాతం అన్నారు. శాతం కట్టింది 15 లక్షల మీద, పిల్లల డబ్బుతో సహా. తీసుకున్నది చెల్లి చేతికొచ్చిన 4 లక్షల్లోంచి. 3 లక్షలు ఆయనకి పోగా లక్ష మిగిలింది. నాలుగేళ్ళుగా చేసిన అప్పులకే అది చాలలేదు.

మరుసటి సంవత్సరం ఒక ప్లీడరు గారు నాకు ఒక కౌంటరు డిక్టేట్ చేస్తున్నారు. అందులో 2017 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి వచ్చింది. మన తెలంగాణ నుంచే వెళ్ళిన కేసు. భర్తను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక మహిళ మీద, ఫీజు కింద ఇచ్చిన చెక్కు చెల్లలేదని ఆమె లాయరే కేసు పెట్టారు. వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడమే చట్టవిరుద్ధమని చెప్పి సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో కూడా ఉంది: గెలుపు ఓటములను బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చిన దాంట్లో వాటా అడగకూడదు. టైపు చేస్తూ చేస్తూ నా చేతులు ఆగిపోయాయి. మా చెల్లి 3 లక్షలు ఇచ్చేనాటికే ఆ తీర్పు వచ్చి ఉంది. నియమం అంతకంటే ఎంతో ముందు నుంచే ఉంది.

ఇంకా బాధపెట్టే మాట ఒకటుంది. మా చెల్లికి అసలు ఉచితంగానే లాయర్ వచ్చేవారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇస్తారు. మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ఫీజు కూడా ఆ సాయంలోనే వస్తుంది. న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నేను రోజూ ఆ బోర్డు ముందు నుంచే నడుస్తాను. అది అన్నం లేనివాళ్ళ కోసం, మనకి కాదు అనుకున్నాను. పెన్షన్ వచ్చే ఇల్లాలైనా, సొంత ఇల్లున్న ఆడపిల్లైనా అడగవచ్చని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు మా షాపుకొచ్చే ప్రతి ఆడమనిషికీ ముందు ఆ ఆఫీసు దారి చూపిస్తున్నాను.

ప్లీడర్లందరినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. నా అన్నం వాళ్ళ కాగితాల మీదే పుడుతుంది. పొద్దున్నే నలిగిన కోటుతో వచ్చి సీనియర్ కట్టలు మోసి, సాయంత్రం టీ డబ్బులు కూడా లేక వెళ్ళే జూనియర్ పిల్లల్ని చూస్తున్నాను. కేసు గెలిచిన రోజు నుంచి ఫోన్ ఎత్తని పార్టీలనూ చూశాను. రాతకోతలు లేనప్పుడు నష్టపోయేది ఒక్క పార్టీయే కాదు, ప్లీడరు గారు కూడా.

మా కోర్టులోనే ఒక పెద్ద ప్లీడరు గారు ఉండేవారు, ఇప్పుడు లేరు. వకాల్తా (పార్టీ తన తరఫున వాదించమని లాయర్‌కి ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టించుకునే రోజే ఆయన నాతో అర పేజీ తెలుగులో కొట్టించేవారు. "ఈ దావా తీర్పు వరకు నా ఫీజు ఇంత. ఇందులో మధ్యంతర పిటిషన్లు కలిసి ఉన్నాయి. అప్పీలు, ఈపీ వేరు. కోర్టు ఫీజు, బత్తా, నకళ్ళ ఖర్చు పార్టీదే. దావా వేసేటప్పుడు ఇంత, సాక్ష్యం మొదలయ్యాక ఇంత, వాదనలప్పుడు ఇంత." కింద ఇద్దరి సంతకాలు, చెరో కాపీ. డబ్బు తీసుకున్నప్పుడల్లా ఆ కాగితం వెనకే తేదీ వేసి రాసేవారు. చదువురాని పార్టీ అయితే నన్నే చదివి వినిపించమనేవారు. నేను ఆయనకి టైపు చేసినన్నాళ్ళూ ఫీజు గురించి ఎవరూ గొంతు పెంచగా వినలేదు.

నేను అడిగేది ఆ అర పేజీ గురించే. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు, ఊరూరా ఉన్న బార్ అసోసియేషన్లు ఇలాంటి నమూనా ఒకటి తెలుగులో అచ్చువేసి వకాల్తాతో పాటు ఇవ్వాలి. అందరికీ ఒకే రేటు పెట్టమనడం లేదు, పనిని బట్టి, అనుభవాన్ని బట్టి ఫీజు ఉండడం న్యాయమే. ఆ ఫీజు ఎంత, ఏ దశ వరకు, ఏవి వేరు అన్న మూడు మాటలు రాసి ఇవ్వమంటున్నాను. ఇచ్చిన డబ్బుకి రసీదు ఇవ్వమంటున్నాను. 2024 మే నెలలో సుప్రీంకోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తేల్చింది. కాబట్టి తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి లేదు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ అక్కడ చూపించడానికి చేతిలో కాగితం ఏది?

పాఠకులకి ఇంకొక్క మాట. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఆపి ఉంచే హక్కు లాయర్‌కి లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ ఉంటే వేరే దారిలో వసూలు చేసుకోవచ్చు, కట్ట మాత్రం తిరిగి ఇవ్వాలి. ఎన్ఓసీ (వేరే లాయర్‌ని పెట్టుకోవడానికి పాత లాయర్ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం) దొరక్క, కట్ట రాక రెండేళ్ళు ఊరికే తిరిగిన వాళ్ళు నాకు తెలుసు. ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ ఇవ్వకండి, ఎంత నమ్మకస్తులైనా సరే.

నా బతుకుతెరువు కోర్టు గేటు దగ్గరే కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి. ఫీజు కాగితం రాయించుకోవడానికి మా షాపుకి వచ్చేవాళ్ళ దగ్గర, ప్లీడరు గారైనా పార్టీ అయినా, టైపింగు డబ్బులు తీసుకోవడం ఈ నెల నుంచి మానేశాను. గోడ మీది రేట్ల కాగితంలో కింద ఆ మాట కూడా రాశాను.

ఇట్లు,
ఒక టైపిస్టు, తణుకు