ట్యులిప్ తోట మే దాకా ఆగదు

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం రాగానే యాత్రల పేజీల్లో నెదర్లాండ్స్ ట్యులిప్ తోటల ఫొటోలు వస్తాయి. అవి అచ్చయ్యే నాటికి అక్కడ తోట మూసే రోజులు దగ్గరపడి ఉంటాయి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ నుంచి అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఫొటో కన్నా తేదీ ముఖ్యం. ఆ సమాచారం జనవరిలోనే వేయండని కోరుతున్నాం.

లిస్సె ఊళ్లోని క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారం ప్రాంతంలో తెరిచి మే రెండో వారానికి మూసేస్తారు. ఏడాది మొత్తంలో ఎనిమిది వారాలే. మనవాళ్లేమో ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు సెలవులిచ్చాక బయల్దేరుతారు. ప్రయాణ బడలిక తీరి, కొడుక్కో కోడలికో సెలవు కుదిరేసరికి మే వస్తుంది. మొదట పూసేవి క్రోకస్‌లు, తర్వాత డాఫోడిల్, హయసింత్, ఆపైన ట్యులిప్‌లు. ఏప్రిల్ మధ్య నుంచి నెలాఖరు దాకా మంచి అదును. చలి ఎక్కువైతే పూత కొంత వెనక్కి జరుగుతుంది, వెచ్చబడితే ముందుకొస్తుంది.

కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే చేరుకునేలా టికెట్ తీసుకోవాలి. నెదర్లాండ్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. తల్లిదండ్రులు తమ ఇంట్లోనే ఉంటారని పిల్లలు నింపే ఫారాన్ని అక్కడి మున్సిపాలిటీలో ధ్రువీకరించి పంపాలి. ఇదొక్కటి ఆలస్యమైతే మిగతా కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నా పని ఆగిపోతుంది.

తోట టికెట్ ఆన్‌లైన్‌లో తేదీ, వేళ ఎంచుకొని కొనాలి. ఆ వేళ లోపలికి వెళ్లడానికే. వెళ్లాక రాత్రి ఏడున్నర దాకా ఉండొచ్చు. లిస్సెకు రైలు లేదు. స్కిపోల్ ఎయిర్‌పోర్టు నుంచి, లైడెన్ స్టేషన్ నుంచి బస్సులు నడుస్తాయి. శని, ఆదివారాలు, ఈస్టర్ సెలవులు, రాజు పుట్టినరోజైన ఏప్రిల్ 27 వద్దు. పూల రథాల ఊరేగింపు జరిగే శనివారం దారులన్నీ కిక్కిరిసిపోతాయి.

రద్దీ తక్కువుండేది పొద్దున పదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. అయితే పొద్దున్నే చలికి ట్యులిప్ రేకులు ముడుచుకొని ఉంటాయి. ఎండ తగిలి వెచ్చబడితేనే విచ్చుకుంటాయి, అప్పుడే లోపలి నల్లటి మచ్చ, పసుపు అంచు కనిపిస్తాయి. అందుకే ముందు చెరువు గట్టున, చెట్ల కింద తిరిగి, పదకొండు దాటాక పూల మడుల దగ్గరికి రావాలి. ఏప్రిల్ చివర్లో చీకటి పడేది రాత్రి తొమ్మిదికి కాబట్టి సాయంత్రం తొందర అక్కర్లేదు. తోట సుమారు 80 ఎకరాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చక్రాల కుర్చీ ముందే బుక్ చేయాలి, బింకానికి పోవద్దు.

ఇక్కడ 40 డిగ్రీలు దాటే రోజుల్లో అక్కడ పగలు 12, 13, పొద్దున 5. కోటు ఒక్కటే చాలదు: లోపల థర్మల్, చెవులు కప్పే టోపీ, మేజోళ్లు, బూట్లు కావాలి. చీర కుచ్చిళ్లు తడి గడ్డికి నాని కాళ్లు వణుకుతాయి. ఆ ఒక్కరోజుకు పంజాబీ డ్రెస్ మేలు. పులిహోర, పెరుగన్నం చలికి గట్టిపడి గొంతు దిగవు. చపాతీలు, టమాట తొక్కు, ఫ్లాస్కులో చాయ్ తీసుకెళ్లాలి.

బతుకమ్మకు తెల్లారకముందే చేల గట్ల మీద గునుగు, తంగేడు కోసుకొచ్చే అలవాటు మనది. అక్కడ ఒక్క పువ్వు కూడా తుంచకూడదు. తోట బయటి రంగురంగుల పొలాలు రైతులవి, ఫొటోల కోసం దిగితే మట్టిలోని పూల గడ్డలు నలుగుతాయి, చెప్పులకంటిన మట్టితో తెగుళ్లు పాకుతాయి. ఆ పొలాల్లో యంత్రంతో పూల తలలు కోసి చాళ్లలో పారేసి ఉండటం చూసి మన రైతులు ఉసూరుమంటారు. వాళ్లకు పంట పువ్వు కాదు, గడ్డ. పువ్వు తీసేస్తే బలమంతా గడ్డకు దిగుతుంది.

ఆ గడ్డలు తెచ్చి ఇంట్లో నాటాలని అందరికీ ఆశే. మన దేశంలోకి తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసుకుంటారు. తెచ్చినా, మూడు నెలలకు పైగా చలి తగిలితే తప్ప ట్యులిప్ సరిగా పూయదు. మన చలికాలం దానికి చాలదు. ఫ్రిజ్‌లో పెట్టి చూద్దామనుకుంటే పక్కన యాపిల్ పండ్లుండకూడదు, వాటినుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు గడ్డలోని మొగ్గ చచ్చిపోతుంది. ఇంకో ప్రమాదం, డాఫోడిల్ గడ్డ అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, తింటే విషం. అక్కడి పిల్లల ఇంట్లోనైనా వంటగదిలో పెట్టనివ్వకండి. జ్ఞాపకానికి అంగళ్లలో అమ్మే చెక్క ట్యులిప్‌లు తెచ్చుకుంటే ఎవరితోనూ పేచీ ఉండదు.

- పాఠకులు, నల్లగొండ