ఆ 48 అంకెలు మీ ఇంట్లో ఎవరికి తెలుసు?

సంపాదకులకు,

అయ్యా,

మా ఆయన పోయిన ఐదు నెలలకు ఆయన ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. టౌనులో ఒక దుకాణంలో ఇచ్చాను. బోర్డు పోయిందని, కొత్తది వేశామని మూడోనాడు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే ఆన్ అయింది గానీ, ఎప్పుడూ వచ్చే మా మనవరాలి ఫొటో రాలేదు. నీలం తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు, ఒక ఖాళీ గడి. బిట్‌లాకర్ అనే తాళం తీసే రికవరీ కీ కొట్టమంటోంది. 48 అంకెలు.

‘యాడో రాసిపెట్టుకుని ఉంటారు కదా మేడం’ అన్నాడు అక్కడి పిల్లాడు. రికవరీ కీ అనే మాట నేను వినడమే అది మొదలు. లేదన్నాను. ‘అయితే ఫార్మాట్ కొట్టేద్దాం, కొత్తదాని మాదిరి అయిపోతుంది’ అన్నాడు.

కొత్తదాని మాదిరి కావడం నాకు వద్దు. అందులో మా అత్తగారి గొంతు ఉంది. మైదుకూరు దగ్గర పల్లెలో ఆమె పాడిన రోకటి పాటలు, నాట్ల పాటలు మా ఆయన ఆరేళ్లపాటు ఊరికి పోయినప్పుడల్లా రికార్డు చేసుకొచ్చారు. మొత్తం 43. ఆమె 2021లో కాలం చేసింది. పాత కంప్యూటర్ అమ్మేసేటప్పుడు అన్నీ ఇందులోకి మార్చారు, ఇంకెక్కడా నకలు లేదు. పొలం కాగితాల స్కాన్లూ అందులోనే ఉన్నాయి కానీ వాటికైతే ఆఫీసుల చుట్టూ తిరిగి నకళ్లు తెచ్చుకోవచ్చు.

ఆ రాత్రి మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోనులో విడమర్చి చెప్పాడు. ఈ కాలపు చాలా ల్యాప్‌టాపుల్లో డిస్కు మీద ఉన్నదంతా గూఢలిపిలో ఉంటుందట. దాన్ని విప్పే తాళంచెవి బోర్డు మీద ఉండే టీపీఎం అనే చిప్పు కాపలాలో ఉంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ యంత్రం మొదలయ్యే తీరు నిన్నటి మాదిరే ఉంటే చిప్పు చెవి అందిస్తుంది, మనకు ఏదీ తెలియనే తెలియదు. తేడా కనిపిస్తే ఇవ్వదు. బోర్డు మారిస్తే చిప్పే మారిపోతుంది. ఇక మిగిలే దారి ఆ 48 అంకెలే. దొంగ ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయి డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించినా ఏమీ చదవలేడు. కాబట్టి తాళాన్ని నేను తప్పు పట్టడం లేదు. మంచి తాళమే.

తాళం ఉందని ఇంట్లోవాళ్లకు చెప్పకపోవడమే నా బాధ. కొన్ననాడు దుకాణంలో చెప్పలేదు. మరమ్మతు చేసినవాళ్లు బోర్డు మార్చక ముందు ‘మీ కీ ఉందా’ అని ఒక్క మాట అడగలేదు. పాత బోర్డయినా తిరిగివ్వండి, ఎవరి చేతనైనా బాగుచేయించుకుంటాను అంటే, పాత సామాన్లవాడికి వేసేశామన్నారు. నా డబ్బుతో కొన్న వస్తువు, నన్ను అడగకుండా ఎలా వేస్తారు?

మరమ్మతే కానక్కర్లేదు. 2024 జులైలో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి పడ్డాక, ఎవరూ చెయ్యి పెట్టని కంప్యూటర్లు కొన్ని ఇదే తెర చూపించాయి. ఆగస్టు అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. ఈలోగా కీ లేనివాళ్లు ఎంత తల్లడిల్లి ఉంటారో ఇప్పుడు నాకు తెలుసు.

ఆ కీ మా ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుందని అబ్బాయి చెప్పాడు. పాస్‌వర్డ్ వాడికి తెలుసు. అయితే లోపలికి పోనివ్వాలంటే ఆయన ఫోన్ నంబరుకు కోడ్ వస్తుంది. దినకర్మలయ్యాక ఆ సిమ్‌కు మేం రీచార్జ్ చేయించలేదు. నంబరు ఎప్పుడో ఆగిపోయింది. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఫోన్ నంబరు తీసేయడానికి తొందరపడకండి, ఏడాదైనా నడిపించండి అని ఈ ఉత్తరం చదివేవాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను. కీ పోగొట్టుకుంటే మళ్లీ తయారుచేసి ఇవ్వడం మైక్రోసాఫ్ట్ వాళ్లకు కూడా చేతకాదు.

పది రోజులు బీరువా, ట్రంకు పెట్టె అన్నీ తిరగేశాను. 2023 డైరీ చివరి పేజీలో వరుసగా ఆరంకెల సంఖ్యలు కనిపించాయి. పెళ్లి పత్రికలు పంపడానికి పిన్‌కోడ్‌లు రాసిపెట్టుకునే అలవాటు ఆయనకు. అవే అనుకుని మూడుసార్లు దాటేశాను. నేను 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. నాలుగోసారి చూసినప్పుడు వేలుపెట్టి లెక్కబెట్టాను. ఎనిమిది సంఖ్యలు. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. కూర్చున్నచోటే ఏడ్చేశాను. పైన అక్షరాలూ అంకెలూ కలిసిన ఎనిమిదింటి గుర్తొకటి రాసి ఉంది. నీలం తెర మీద కీ ఐడీ అని చూపించేదాంట్లో మొదటి ఎనిమిదీ అవే.

కొట్టి చూస్తే ఒప్పుకోలేదు. డైరీకి ఎప్పుడో తడి తగిలి అయిదో సంఖ్యలో సిరా పాకింది. ఒక అంకె 1 అని కొట్టాను.

అబ్బాయి ఇంటర్నెట్‌లో వెతికి ఒక సంగతి చెప్పాడు. ఈ కీలో ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగం పోవాలి. 7,20,885 దాటకూడదు కూడా, అంటే 8తోనో 9తోనో మొదలయ్యే గుంపు ఉండదు. మన కడప పిన్‌కోడ్ 516001 తీసుకుంటే, 11తో భాగిస్తే 2 మిగులుతుంది. అది ఏ కీలోనూ గుంపు కాలేదు. ఏడో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఈ లెక్క: ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడండి, మిగిలినవీ కూడండి, తేడా సున్నా గానీ 11 గానీ 22 గానీ రావాలి. కాగితం తీసుకుని ఎనిమిదింటికీ చేశాను. ఏడు సరిపోయాయి. అయిదోదానికి తేడా 5 వచ్చింది. పాకిన సిరా కింద ఉన్నది 1 కాదు, 7 అయితే తేడా 11 అవుతుంది. ఒక్క అంకె తప్పితే దాని చోట సరిపడే అంకె ఒకటే ఉంటుంది, రెండోది ఉండదు. 7 కొట్టాను. మనవరాలి ఫొటో వచ్చింది.

అందరి డైరీలూ ఇలా దొరకవు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది కాబట్టి చాలామంది కొత్తవి కొంటున్నారు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే ఇంకా ఎక్కువ కంప్యూటర్లలో ఈ తాళం దానంతటదే పడుతుంది. సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఈ తాళానికి అక్కడున్న పేరు) అని ఉందేమో చూడండి. ఆన్‌లో ఉంటే, యంత్రం బాగున్న రోజే ఖాతాలోకి వెళ్లి కీ చూసి కాగితం మీద రాసుకోండి, లేదా ప్రింటు తీసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే అక్కరకు రాదు. ల్యాప్‌టాప్ బ్యాగులో పెడితే దొంగకు ఇచ్చినట్టే. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఫోన్ చేసి అడిగినవాళ్లెవరికీ చెప్పకండి.

దుకాణాల వాళ్లకు నా మనవి ఒక్కటే. అమ్మేటప్పుడు ఈ తాళం సంగతి తెలుగులో చెప్పండి. బోర్డు ముట్టుకునే ముందు కీ ఉందా అని అడగండి. లేదంటే, ఫార్మాట్ అనే మాట అనే ముందు నాలుగు రోజులు ఆగండి. మీ పత్రికలో దీన్ని ఒక చిన్న బాక్సుగా వేస్తే కత్తిరించి దాచుకునేవాళ్లు ఉంటారు.

పాటలు ఇప్పుడు మూడు చోట్ల నకలు తీశాం. ఆ డైరీ పేజీ ప్లాస్టిక్ కవరులో, పాసుపుస్తకంతో పాటు బీరువాలో ఉంది. ఎక్కడుందో మా కోడలికి చూపించాను.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
ఎర్రముక్కపల్లి, కడప