ఇటలీ కొండ ఊళ్లు పసిపిల్లలకు తగవనడం సరికాదు

సంపాదకులకు,

అయ్యా,

విదేశీ యాత్రలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, ఐదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలు ఇటలీలో రోమ్, వెనిస్ వంటి నగరాలకే పరిమితం కావాలని, టస్కనీ, అంబ్రియా ప్రాంతాల కొండ ఊళ్లలో మెట్లూ ఎత్తుపల్లాలూ ఎక్కువ కాబట్టి అవి పసివాళ్లకు తగవని సలహా ఇచ్చింది. మూడేళ్ల పాపనూ ఆరేళ్ల బాబునూ వెంటబెట్టుకుని ఆ ఊళ్లు చూసి వచ్చిన తల్లిగా నేను దీనితో ఏకీభవించలేను. అక్కడ పిల్లలు అలసిపోతున్నారంటే అందుకు చాలావరకు కారణం పెద్దలు వేసుకునే యాత్రా పట్టికే. ఫ్లోరెన్స్‌లో బస చేసి, ఒకే రోజులో సియెనా, సాన్ జిమిన్యానో, పీసా మూడూ చూపించే బస్సు యాత్రలు అక్కడ విరివిగా ఉన్నాయి. పిల్లవాడికి కునుకు పట్టే వేళకు బస్సు దిగాలి, ఆట మొదలుపెట్టే వేళకు మళ్లీ ఎక్కాలి. అటువంటి రోజు పెద్దవాళ్లకే కష్టం.

రోజుకు ఒక్క ఊరు, అదీ ఉదయం పూట మాత్రమే అనుకుంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఓర్వియెటోనే చూడండి. రోమ్ నుంచి రైల్లో గంటన్నర లోపు చేరవచ్చు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన నిట్టనిలువు రాతి దిమ్మె మీద ఊరు ఉంటుంది. అయినా ఒక్క మెట్టు కూడా ఎక్కనవసరం లేదు, ఎందుకంటే రైల్వే స్టేషన్ ఎదురుగానే ఫ్యూనిక్యులర్ అనే, తీగతో లాగే చిన్న రైలు పైకి తీసుకువెళుతుంది. 1888లో నీటి బరువు ఆధారంగా నడిచేలా కట్టిన ఈ మార్గం తర్వాత మూతపడి, 1990లో విద్యుత్తుతో తిరిగి మొదలైంది. పైన రైలు దిగిన చోటికి దగ్గరలోనే సెయింట్ ప్యాట్రిక్ బావి ఉంది. 1527లో రోమ్ నగరాన్ని సైన్యాలు కొల్లగొట్టినప్పుడు ఇక్కడికి పారిపోయి వచ్చిన ఏడవ క్లెమెంట్ పోపు, ముట్టడి జరిగితే ఊరికి నీళ్లు ఉండవన్న భయంతో ఆంటోనియో ద సాంగాల్లో అనే వాస్తుశిల్పి చేత దీన్ని తవ్వించాడు. 1537లో పని పూర్తయింది. సుమారు 53 మీటర్ల లోతున్న ఆ బావి గోడల్లో రెండు మెట్లదారులు, ఒకదానితో ఒకటి కలవకుండా, మెలికలు తిరుగుతూ దిగుతాయి. నీళ్లకు దిగే కంచరగాడిదలు ఒక దారిన దిగి, మోత మోస్తూ మరో దారిన ఎక్కేవి. మధ్యలో డెబ్బై దాకా కిటికీలు ఉండటం వల్ల, ఈ దారిలో ఉన్న పిల్లలకు ఆ దారిలో ఎక్కుతున్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు గానీ ఎక్కడా ఎదురుపడరు. మా బాబుకు ఆ చిక్కు విప్పడంలో ఉన్న ఉత్సాహం అక్కడి మహా చర్చి ముఖభాగం మీద కలగలేదు, దానికి నేనేమీ నొచ్చుకోలేదు. 248 మెట్లూ గాడిదల కోసం వేసినవి కనుక వెడల్పుగా, తక్కువ ఎత్తుతో ఉంటాయి. అయితే లిఫ్టు లేదు, చంటిబిడ్డల తోపుడుబండి దిగదు. మూడేళ్లలోపు వాళ్లయితే వీపుకు కట్టుకునే సంచీలో మోయవలసిందే.

పెరూజాలో కొండెక్కించే పనిని ఎస్కలేటర్లు చేస్తాయి. 1540లో మూడవ పాల్ పోపు తనపై తిరగబడిన ఊరిని అదుపులో పెట్టడానికి ఒక కోట కట్టించి, అప్పటి వీధులనూ ఇళ్లనూ దాని కిందే కప్పించేశాడు. 1983లో ఏర్పాటు చేసిన ఎస్కలేటర్లు ఆ పాతాళ వీధుల గుండానే సాగుతాయి. చరిత్ర తెలియని పసివాళ్లకు సైతం నేల కింద ఒక ఊరు ఉండటం ఎంత వింతో వేరే చెప్పనక్కర్లేదు.

సియెనా గురించి ఒక్క మాట చాలు. గవ్వ ఆకారంలో పల్లానికి దిగే ఇటుకల మైదానం కాంపోలోకి వాహనాలు రావు కాబట్టి పిల్లలను నిర్భయంగా వదలవచ్చు. కానీ జులై 2, ఆగస్టు 16 తేదీల్లో జరిగే గుర్రప్పందేలకు మైదానం మధ్యలో నిలబడితే గంటల తరబడి బయటికి రావడం కష్టం. చిన్నపిల్లలతో ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మేలు. పూర్వపు డెబ్బైరెండు గోపురాల్లో పద్నాలుగు మిగిలాయని చెప్పుకునే సాన్ జిమిన్యానోలో అయితే రాత్రి బస చేయాలి. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక బావి చుట్టూ ఉన్న కూడలి మళ్లీ ఊరివాళ్లది అవుతుంది. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు చివితా ది బాన్యోరేజోకు మాత్రం వద్దంటాను, నీడలేని పొడవాటి వంతెన మీద నడకే దానికి దారి.

పిల్లలున్నారు కదా అని కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. ఈ ఊళ్ల పాత భాగాల్లోకి అనుమతిలేని వాహనాలు వెళ్లకూడదు, ప్రవేశద్వారాల దగ్గరి కెమెరాలు నంబరును పట్టేస్తాయి. జరిమానా నోటీసు నెలల తర్వాత గుంటూరులోని ఇంటికే రావచ్చు. రైళ్లలో నాలుగేళ్లలోపు పిల్లలకు విడిగా సీటు కోరకపోతే టికెట్ లేదు. ప్రభుత్వ మ్యూజియంలలో పద్దెనిమిదేళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం, అయితే స్థానిక సంస్థల కింద ఉండే బావులకు, గోపురాలకు ఆ నియమం వర్తించదు.

తిండి విషయంలో మనవాళ్ల దిగులు సహజమే. రాత్రి భోజనశాలలు ఏడు, ఏడున్నర దాకా తెరవరు కాబట్టి, వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుంటే పసివాళ్లకు పెరుగన్నం కలిపి పెట్టి పడుకోబెట్టవచ్చు. బియ్యం, తియ్యదనం లేని పెరుగు ప్రతి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. మధ్యాహ్నం బయట తినేటప్పుడు మసాలా, సాస్ ఏమీ లేకుండా వెన్న మాత్రమే వేసిన పాస్తా అడిగితే చేసి ఇస్తారు. మరుగుదొడ్లు తక్కువ, కాఫీ దుకాణంలో ఏదో ఒకటి కొని వాళ్లది వాడుకోవడం అక్కడి ఆనవాయితీ. బడి మొదలుకాని పిల్లలైతే ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ మంచిది. సంక్రాంతి సెలవులకు వెళ్తే చలి, పైగా ఐదు గంటలకే చీకటి.

వీసాకు డబ్బు కట్టే ముందు విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. డిసెంబరులో ఒక ఉదయం పిల్లలను కొండపల్లి కోటకో కొండవీటికో తీసుకువెళ్లి, ఎంతసేపు తమంతట తాము నడుస్తారో, ఎప్పుడు ఎత్తుకోమంటారో చూడండి. ఆ సమయమే ఇటలీలో మీ ఒక పూటకు కొలత. కొండవీటి మీద రెడ్డిరాజుల నాటి చెరువులు చూసిన ఆరేళ్లవాడికి ఓర్వియెటో పోపు భయం సులువుగానే అర్థమవుతుంది.

మీరు ఇకముందు ప్రచురించే యాత్రా వ్యాసాల్లో ఏ ఊరికి లిఫ్టు లేదా ఎస్కలేటర్ ఉంది, స్టేషన్ నుంచి ఎంత నడవాలి, నీడ ఎక్కడ ఉంది అన్న వివరాలు కూడా చేర్చాలని, కుటుంబ యాత్రలు నడిపే మన ట్రావెల్ ఏజెన్సీలు పసిపిల్లలున్నవారికి రోజుకు ఒకే ఊరు ఉండే పట్టికను విడిగా తయారుచేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు